బట్టీకి చుట్టిన గోనెలు

రొట్టెల బట్టీ నడిపే ఆయన చేతులకు నలభై ఏళ్ళుగా తెలిసిన విద్య ఒక్కటే: వేడిని బయటికి పోనివ్వకపోవడం. గోడలో సన్నని పగులు కనబడితే మట్టి మెత్తేవాడు, తలుపు సందుల్లో గోనె కుక్కేవాడు.

వెనక గదిలో ఆయన భార్య పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్ళు. పోయిన వేసవిలో వడదెబ్బ కూడా తగిలింది. ఇంకోసారి తగిలితే మనిషి దక్కదు, ఫ్యాను ఆగనివ్వకండి అన్నాడు డాక్టరు. అనడానికేం, మధ్యాహ్నమైతే చాలు కరెంటు పోయేది. ఎండలా, ఏటికేడు ముదిరిపోతున్నాయాయె!

అప్పుడే ఆవిడ తమ్ముడు, రేడియోలు బాగుచేసే మనిషి, అరచేతంత పలకలు నాలుగు తెచ్చి పొగగొట్టానికి బిగించాడు. వాటి అవతలి ముఖానికి ఇనప రెక్కలు, ఆ రెక్కలు మునిగేలా నీళ్ళ తొట్టి.

“ఒక పక్క కాలాలి బావా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. ఆ తేడాలోంచే కరెంటు. ఊరికే గాల్లో కలిసిపోయే వేడే కదా! ప్రతి పొగగొట్టానికీ ఇలా పెడితే బొగ్గు కాల్చడం ఎంత తగ్గుతుందో!”

“నేనూ మీ అక్కా లాగన్నమాట.”

“అంతే మరి. నువ్వు చిటపటలాడతావు, అక్క చల్లగా నవ్వుతుంది. కొంప నడుస్తోంది.”

మంచం మీద ఆవిడ మూతి ఒక పక్కే నవ్వింది. పలకల తీగలు తగిలించిన బుల్లి ఫ్యాను గిర్రున తిరిగింది.

నెల్లాళ్ళు తిరిగింది. ఒక మధ్యాహ్నం, గోడలు కూడా సెగలు కక్కుతున్న వేళ, మందగించింది. ఆయన గాభరాగా బట్టీలోకి రెండు దుంగలు తోశాడు. ఫ్యాను కాస్త పుంజుకుంది. ఇంకేం, వేడి చాలడం లేదనుకున్నాడు. నీళ్ళ తొట్టిని పక్కకు జరిపి, ఉన్న గోనెలన్నీ తెచ్చి పొగగొట్టాన్నీ, పలకల్నీ, రెక్కల్నీ కలిపి, పసిబిడ్డకు దుప్పటి చుట్టినట్టు చుట్టేశాడు.

ఫ్యాను ఆగిపోయింది. మళ్ళీ దుంగలు తోశాడు, ఇంకో గోనె చుట్టాడు. కబురందుకుని బామ్మర్ది పరుగెత్తుకొచ్చేసరికి పలకల లోపలి అతుకులు కరిగిపోయాయి.

“ఎంత పని చేశావు బావా! చల్లగా ఉండాల్సిన పక్కనే కప్పేశావు!”

“వేడి పోతోందేమో అనుకున్నానురా... కప్పకపోతే తిరిగేదా?”

బామ్మర్ది తొట్టిలో వేలు ముంచి చటుక్కున తీశాడు. కుళాయి తిప్పాడు. అందులోంచీ వేడినీళ్ళే.

“లేదు బావా. ఇవాళ కాకపోతే రేపైనా ఆగేదే. వేడికేం, కావలసినంత ఉంది. చల్లదనం ఎక్కణ్ణుంచి తెస్తాం?”

ఆయన రొట్టెల రేకు చేతబట్టుకుని వెనక గదిలోకి పోయి, విసరడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒళ్ళు పెనంలా ఉంది. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆయన చూడలేదు, బామ్మర్ది చూశాడు.

“చాలు బావా, ఇంక చాలు.”

“ఉండరా. కాస్త చల్లబడనీ.”

రేకు ఊగుతూనే ఉంది. దాన్నుంచి వచ్చేదీ వేడిగాలే.