ఐదు వచ్చింది, నాలుగు

ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన బట్టలు కత్తిరించే పొడవాటి బల్ల, ఆ బల్ల కింద పిచ్చుక. ఆ ఇంట్లో ఏ వేళ చూసినా ఇదే వరస. పిచ్చుకంటే నిజం పిచ్చుక కాదు, నాలుగేళ్ల పిల్ల. నిద్రలో తప్ప నోరు మూతపడదని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు.

పిచ్చుకకు లెక్కలంటే పిచ్చి. వేరే పిల్లలు బొమ్మ కొనమని మారాం చేస్తే ఇది లెక్క అడగమని మారాం చేసేది. మెట్లెక్కుతూ లెక్కపెట్టేది. తీగ మీద ఆరేసిన బట్టల క్లిప్పులు లెక్కపెట్టేది. వీధిలో ఆగిన కార్ల నంబర్ల మీద వేలు పెట్టి దిద్ది, ఆ మసంతా గౌనుకు పూసుకొచ్చేది. బడిలో వేద్దామంటే వయసు చాలదన్నారు. అంతవరకూ ఇంట్లోనే ఒక పద్ధతి ప్రకారం చెప్పుకుందాం అనుకుంది తల్లి.

ఆమెకు చిన్నప్పుడు లెక్కల గంట కొడితే చాలు, చేతులు చల్లబడిపోయేవి. ఆ భయం కూతురికి అంటకూడదు. పిల్లకు ఇప్పుడున్న సరదా చెక్కుచెదరకుండా బడి గుమ్మం దాకా చేర్చాలి. ఆమె కోరుకున్నది ఇంతే. దానికి సరిపడే లెక్కల పుస్తకాలు ఏవో ఎంచుకోవడంలోనే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట ఫోనులో వచ్చే కోర్సు చూసింది. అందులో ఒక కుందేలు పాడుతూ లెక్కలు చెబుతుంది. పాఠాలు మొదలుపెట్టే ముందు పిల్లకు ఎంత వచ్చో చూస్తానంటూ కుందేలు ఐదు బంతులు చూపించి, ఎన్ని ఉన్నాయని అడిగింది. పిచ్చుక ఒక్కో బంతి మీదా వేలు పెట్టి తప్పు లేకుండా ఐదు దాకా లెక్కపెట్టింది. తర్వాత ధీమాగా నాలుగు మీద నొక్కింది.

"ఇప్పుడే కదే ఐదన్నావ్?" అంది తల్లి.

"ఐదు వచ్చింది. నాలుగు," అంది పిచ్చుక.

కుందేలు కళ్లు తుడుచుకుంది. ఇంకోసారి అడిగింది. ఈసారి ఏడు పువ్వులు. పిచ్చుక ఏడు దాకా లెక్కపెట్టి ఆరు నొక్కింది. చివరికి తెర మీద ఒక మాట వచ్చింది, మీ చిన్నారి ఇంకా సిద్ధంగా లేదని. పిచ్చుకకు చదవడం రాదు కాబట్టి సరిపోయింది. తల్లికి మాత్రం ఒళ్లు మండిపోయింది. సిద్ధంగా లేనిది తన పిల్లా? ఆ కుందేలుకే బుర్ర లేదు అనుకుని దాన్ని తీసేసింది.

సాయంత్రం అక్కకు ఫోను చేసింది. అక్క తన ఇద్దరు పిల్లలకూ ఇంట్లోనే చదువు చెప్పిన మనిషి. ఆ విషయంలో తన మాటకు తిరుగులేదని ఆమె నమ్మకం.

"పాటలూ కుందేళ్లూ పెట్టుకుంటే చదువు వస్తుందా? నా పుస్తకాలు పంపిస్తున్నా. రోజుకో పేజీ. కొట్టిన పిండి అయిపోతాయి లెక్కలు," అంది అక్క.

"ఐదు దాకా లెక్కపెట్టి నాలుగంటోంది అక్కా."

"పునాది లేదన్నమాట. చివర చెప్పిన అంకే మొత్తం అని దానికి తెలియట్లేదు. మావాళ్లకు మూడేళ్లకే తెలుసు."

ఆ చివరి మాట అనకపోతే అక్కకు పొద్దు గడవదు. తల్లి పళ్లు బిగపట్టి సరేనంది.

అక్క పుస్తకాలు వచ్చాయి. బూడిద రంగు అట్టలు, లోపల రంగు లేని బాతులు, వాటి కింద గళ్లు. వీటికీ ముందు రెండు పేజీల పరీక్ష ఉంది. నాలుగు బాతులకు మూడు, ఆరు బాతులకు ఐదు. అన్నిటికన్నా విచిత్రం, ఒకే ఒక్క బాతు ఉన్న గడి దగ్గర పిచ్చుక చాలాసేపు ఆగిపోయింది. బాతును చూసింది, అమ్మను చూసింది.

"ఒకటి వచ్చింది," అంటూ నసిగింది. "అయితే సున్నా."

"కళ్ల ముందు బాతు కనిపిస్తుంటే సున్నా ఏంటే?"

"నాకూ అదే అర్థం కావట్లేదు," అంది పిచ్చుక, పెద్దమనిషిలా బుగ్గన చెయ్యి పెట్టుకుని.

మూడోది గ్రంథాలయంలో అరువిచ్చే చెక్కదిమ్మల పెట్టె. చేత్తో పట్టుకుంటే తెలుస్తుందని అక్కడి ఆవిడ చెప్పింది. చేత్తో పట్టుకున్నా అంతే. దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎనిమిది వచ్చింది అని, ఏడు అని ముగించింది.

పిచ్చుక నాన్న ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఇంటికొచ్చేసరికి బల్ల మీద మూడు రకాల చదువులూ పరుచుకుని, వాటి మధ్య తల పట్టుకుని కూర్చున్న భార్య కనిపించింది.

"ఏమోయ్, ఇది తప్పు కాదు. మన పిచ్చుక కమీషను తీసుకుంటోంది. ప్రతి లెక్కలోనూ ఒకటి దాని వాటా," అన్నాడు బూట్లు విప్పుతూ.

"మీకు అన్నీ వేళాకోళమే. ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పండి, తెలుస్తుంది."

"నేను చెబితే ఫ్రిజ్ విప్పడం వస్తుంది. లెక్కలు మీ అక్క డిపార్టుమెంటు."

"మా అక్క జోలికి రాకండి."

"నేనెక్కడ వచ్చాను? ఆవిడే పుస్తకాల రూపంలో మనింటికొచ్చి కూర్చుంది. సరే, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఖాయం చెయ్యి. వారానికొకటి మారుస్తుంటే పిల్లకు మతి పోతుంది."

ఆ మాట నిజమే కాబట్టి ఆమెకు ఇంకా మంటెత్తింది.

మర్నాడు పని ఎక్కువగా ఉంది. మిషను దారం పదేపదే తెగుతోంది. ఇస్త్రీపెట్టె వేడెక్కనంటోంది. ఆ చికాకులోనే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఐదు బొత్తాలు ముందు పోసింది.

"లెక్కపెట్టు."

పిచ్చుక లెక్కపెట్టింది. "ఐదు వచ్చింది. నా..."

"ఐదే. ఐదంటే ఐదే. నాలుగు ఎక్కడినుంచి పుట్టుకొస్తోందే నీకు?" తల్లి బల్ల మీద అరచేత్తో కొట్టింది. బొత్తాలు ఎగిరి మిషను కిందికి దొర్లాయి.

పిచ్చుక ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నెమ్మదిగా బల్ల కిందికి పాకి, గోడవైపు తిరిగి కూర్చుంది. సరిగ్గా అప్పుడే అక్క ఫోను చేసింది. ఏమైందని అడిగితే తల్లి విసుగులో అనేసింది, "ఏమో అక్కా, దీనికి లెక్కలు రావేమో."

ఆ మాట ఎక్కడికీ పోలేదు. రెండు మూడు రోజుల తర్వాత మెట్లెక్కుతూ నాన్న "ఒకటి, రెండు..." అని మొదలుపెట్టి పిచ్చుక అందుకుంటుందని ఆగాడు. పిచ్చుక అందుకోలేదు.

"నాకు లెక్కలు రావు నాన్నా. నువ్వే చెప్పుకో," అంది. చాలా మామూలుగా, నాకు ఆకలి లేదు అన్నట్టు చెప్పింది.

వెనక సంచులు మోసుకొస్తున్న తల్లి వాటిని మెట్టు మీద దించేసింది. ఏది అంటకూడదనుకుందో అది తన నోటితోనే అంటించింది. ఇక ఏ పుస్తకం తెచ్చి ఏం లాభం? అయినా ఆ రాత్రి మనసు ఊరుకోక మళ్లీ మూడింటినీ ముందేసుకుని తిప్పింది. బాతులూ దిమ్మలూ కుందేలూ అన్నీ తననే వెక్కిరిస్తున్నట్టనిపించి ఒక మూలకు నెట్టేసింది.

తర్వాతి వారం వీధి చివర ఆసుపత్రిలో పనిచేసే నర్సు కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. తల్లి మెడలోంచి టేపు తీసి కొలతలు మొదలుపెట్టింది. పిచ్చుక బల్ల కింద బొమ్మకు గుడ్డపీలిక చుడుతోంది.

"ముప్పై ఎనిమిది వచ్చింది. ముప్పై ఏడు," అని తల్లి సుద్దతో పలక మీద వేసుకుంది. "పదహారు వచ్చింది. పదిహేను."

"ఏంటమ్మాయ్, చూసేది ఒకటి, వేసేది ఒకటి? నన్ను సన్నగా చూపిస్తున్నావా?" అంది నర్సు.

"అదేం లేదండీ. ఈ టేపుకు మొదట్లో ఇత్తడి ముక్క ఊడిపోయి, మొదటి అంగుళం చిరిగిపోతే కత్తిరించేశాను. టేపు ఒకటి దగ్గర్నుంచే మొదలవుతుంది కదా. అందుకని ఎంత వచ్చినా ఒకటి తీసేయాలి."

"కొత్తది కొనుక్కోవచ్చుగా."

"చేతికి అలవాటైపోయిందండీ. ఎంత వచ్చినా ఒకటి..."

తల్లి మాట మధ్యలో ఆగిపోయింది. టేపు పట్టుకున్న చెయ్యి నర్సు భుజం మీదే ఉండిపోయింది. పిచ్చుక పుట్టినప్పటినుంచీ ఆ బల్ల కిందే పెరిగింది. రోజూ వింటున్నదేమిటి? పది వచ్చింది, తొమ్మిది. ఇరవై వచ్చింది, పంతొమ్మిది. రోజంతా అంకెలు చెప్పే మనిషి ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే. అమ్మ ఎప్పుడూ ఒకటి తీసేస్తుంది. తీసేయకపోతే లెక్క పూర్తయినట్టు కాదు.

"ఏమైందమ్మాయ్, సూది గుచ్చుకుందా?" అంది నర్సు.

"అలాంటిదేనండీ," అంది తల్లి.

నర్సు వెళ్లగానే ఆమె బల్ల కింద దూరింది. తల చెక్కకు కొట్టుకుంది. రుద్దుకుంటూ పిల్ల పక్కన ఒదిగి కూర్చుంది.

"పిచ్చుకా, నువ్వు సరిగ్గానే చెప్పావే. ఐదు వచ్చిందంటే ఐదే. నేను తీసేసేది ఈ టేపు చిరిగిపోయింది కాబట్టి. బొత్తాలకు తీసేయక్కర్లేదు. బాతులకూ అక్కర్లేదు. తప్పు నీది కాదు, నాది."

పిచ్చుక బొమ్మకు ముడి వేస్తూ ఉండిపోయింది.

"వింటున్నావా? కొత్త టేపు కొంటాను. దానికి ఏమీ తీసేయొద్దు. ఎంత వస్తే అంతే."

"సరే," అంది పిచ్చుక. తల కూడా ఎత్తలేదు.

గుట్టు తెలిస్తే గొడవ తీరిపోతుందనుకుంది తల్లి. తీరలేదు. అక్కకు చెబితే ఆమె పడీ పడీ నవ్వి, "అయితే ఇంకేం, నా పుస్తకాలే ఖాయం చెయ్యి," అంది. ఏది ఖాయం చేస్తేనేం, ఏ పుస్తకం తెరిచినా పిచ్చుక గోడవైపు తిరుగుతోంది. కొత్త పసుపుపచ్చ టేపు తెచ్చి ఆడుకోమని ఇస్తే బొమ్మకు పడక వేసింది. తల్లికి అక్క మీద కోపం, కుందేలు మీద కోపం. అందరికన్నా తన మీద తనకే ఎక్కువ కోపం. దాన్ని ఎక్కడ చూపించాలో తెలియక మిషను తొక్కుతూ కూర్చుంది.

నర్సు కోటు ఇవ్వాల్సిన రోజు వచ్చేసింది. తల్లి బొమ్మ పడకగా ఉన్న టేపును లాక్కుని, నర్సు మాదిరికిచ్చిన పాత కోటు చేతుల పొడవు గబగబా కొలిచింది.

"ఇరవై మూడు వచ్చింది. ఇరవై రెండు," అని కొత్త గుడ్డ మీద అంత కొలిచి సుద్దతో గీత గీసి కత్తెర అందుకుంది.

"అమ్మా, అది కొత్త టేపు," అంది బల్ల కిందినుంచి ఒక గొంతు.

"అవునే, కొత్తదే. కాసేపు మాట్లాడించకు." కత్తెర కరకరా నడిచింది. గుడ్డ మడిచి కోటు చేతులు రెండూ ఒకేసారి కోసేసింది.

"కొత్తదానికి తీసేయొద్దన్నావుగా."

కత్తెర ఆగింది. తల్లి టేపు వంక చూసింది, గీత వంక చూసింది, కింద పడ్డ పీలిక వంక చూసింది. అంగుళం పోయింది. నర్సుకు మణికట్టు పైకి వచ్చే కోటు తయారైంది. ఆమె కత్తెర పక్కన పెట్టి, నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది.

పిచ్చుక బల్ల కిందినుంచి బయటికి పాకి వచ్చింది. అమ్మ కొట్టదని కాసేపు చూసి రూఢి చేసుకుంది. తర్వాత టేపు తీసుకుని, కోసిన గుడ్డ మీద మోకాళ్లతో ఎక్కి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరిచింది.

"ఇరవై రెండు వచ్చింది." ఒక్క క్షణం ఆగింది. "ఇరవై రెండే. నీకు ఇరవై మూడు కావాలి. ఒకటి తక్కువైంది."

"తెలుస్తోందిలే తల్లీ."

"ముందే చెప్పాను."

"చెప్పావు. నేనే వినలేదు."

పిచ్చుక మొహం వెలిగిపోయింది. అమ్మ తప్పు చేసింది, తను చెప్పింది, తను చెప్పిందే సరైంది. కోటు పాడైందన్న బాధ దానికి రవ్వంతైనా లేదు. టేపు భుజాన వేసుకుని గదంతా తిరిగింది. కుర్చీ కొలిచింది, తలుపు కొలిచింది, తల్లి పాదం కొలిచింది. ప్రతిసారీ ఎంత వస్తే అంతే అని గట్టిగా చెప్పింది.

తల్లి లేచింది. పట్టీలు వేసి ఆ అంగుళం ఎలాగో కలపాలి. సాయంత్రానికి నర్సు వస్తుంది. ఈ పిల్ల ఇలా తిరుగుతుంటే పని సాగదు. మూలకు నెట్టిన వాటిలోంచి చేతికందిన అక్క పుస్తకం లాగింది. అందులో ఏదీ పాడదు, ఏదీ ఏడవదు, ఏదీ దొర్లిపోదు. ఇవాళ్టికి అంతకన్నా గొప్ప చదువు అక్కర్లేదు అనిపించింది. ముందున్న పరీక్ష పేజీలు రెండూ కలిపి గుండుసూది గుచ్చి మూసేసి, పిల్ల చేతిలో పెట్టింది.

పిచ్చుక బల్ల కింద బోర్లా పడుకుని పుస్తకం తెరిచింది. తల్లి పట్టీకి గుడ్డ వెతుక్కుంటోంది.

"అమ్మా, ఇక్కడ బాతులు ఆరు వచ్చాయి. ఆరేనా?"

"ఆరే."

"తీసేయక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ఏడు వస్తే ఏడేనా?"

"ఏడే. నన్ను ఈ చెయ్యి కుట్టనీ."

"ఎనిమిది?"

తల్లి సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం తప్పింది. ఇది వంద దాకా ఒక్కొక్కటీ అడిగేలా ఉంది.

"ఎనిమిదే," అంది, దారం కొస తడిచేసుకుంటూ.