అప్పలసూరి గిన్నె

జరిగేదంతా దేవుని చిత్తమే అయితే, మనిషి చేసిన తప్పు ఎవరిది? పదకొండేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. నేను చదివింది పదో తరగతి. పెద్ద మాటలు నాకు రావు. మా పాత పాస్టరుగారిని ఒకసారి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "తిరుమలరావ్, నీకు షుగరు గాని ఉందేమో చూపించుకో. నీరసం ఎక్కువైతే ఇలాంటి ఆలోచనలే వస్తాయి" అన్నారు. మంచి మనిషి. మరుసటి ఏడాది ఆయనకే షుగరు ముదిరి కాలు తీసేశారు. మళ్లీ ఆయన్ని అడగబుద్ధి కాలేదు.

లోకంలోని తప్పులన్నింటి గురించీ నాకు జవాబు అక్కర్లేదు. ఒక్క సంతకం గురించి తెలిస్తే చాలు.

హుద్‌హుద్ తుఫానుకు పోర్టు దగ్గరి గోడౌన్ల రేకులు చాలావరకు లేచిపోయాయి. ఆ తరువాత నెలల తరబడి మాలాంటివాళ్లకు చేతినిండా పని. నేనూ అప్పలసూరీ ఒకే కంట్రాక్టరు దగ్గర రేకులు బిగించేవాళ్లం. ఇద్దరిదీ పద్మనాభం వైపే. పొలం పనులు వదిలి వచ్చి, కంచరపాలెంలో పక్కపక్క వీధుల్లో అద్దెకు ఉండేవాళ్లం. నేను పెళ్లికి ముందే బాప్తిస్మం తీసుకున్నాను, పేరు మాత్రం మార్చుకోలేదు. అతను సింహాచలం అప్పన్న భక్తుడు. ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం.

ఆ రోజు పైకెక్కడానికి మా ఇద్దరికీ రెండు సేఫ్టీ బెల్టులు ఉన్నాయి. ఒకదాని కొక్కెం విరిగిపోయి ఉంది. నేను ముందుగా వచ్చాను కనుక మంచిది తీసి నడుముకు కట్టేసుకున్నాను.

"బావా, నిన్ను మీ ఏసుప్రెబువు సేతుల మీద మోత్తాడు గదా. నీకెందుకు బెల్టు? నాకిచ్చీ" అన్నాడు అప్పలసూరి.

"మరి మీ అప్పన్న మొయ్యడా నిన్ను?"

"ఆయన ఒంటినిండా గంధమే గదేటి. జారిపోతాను."

ఇద్దరం నవ్వుకున్నాం. "రేపు నువ్ కట్టుకుందువులే బావా, ఇయ్యాలకి నన్నొగ్గీ" అన్నాను.

మధ్యాహ్నం గోడౌను నీడలో క్యారేజీలు విప్పాం. అతని భార్య కాశమ్మ చేపల పులుసు పంపింది. నా భార్య పుష్పకు అప్పుడు ఐదో నెల. "సెల్లికి నోరు సప్పగుంటాది, ఇది అట్టుకెల్లు బావా. గిన్నె రేపు తెచ్చీ" అని, తన క్యారేజీలోని పై గిన్నెకు మూత పెట్టి నా సంచిలో సర్దాడు.

రెండున్నర ప్రాంతంలో మా కాళ్ల కింద రేకు కుంగింది. ఇద్దరం జారాం. బెల్టు నన్ను పట్టుకుంది.

మూడో రోజు సాయంత్రం సూపర్‌వైజరు నన్ను ఆఫీసు గదికి పిలిచాడు. ఒక కాగితం ముందు పెట్టాడు. అప్పలసూరికి బెల్టు ఇచ్చినా కట్టుకోలేదని, ఎన్నిసార్లు చెప్పినా మొండితనంతో వినలేదని అందులో రాసి ఉంది. కింద నా పేరు.

"సదువుకో. పోనోడు ఎలాగూ పోనాడు. ఉన్నోడివి నువ్వు, రేపు పనికి రావాల్సినోడివి" అని, పెన్ను బల్ల మీద పెట్టి, టీ తాగడానికి బయటికి వెళ్లాడు.

ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఎవరూ కొట్టలేదు. పావుగంట ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. తలుపు తీసే ఉంది. బయట నా చెప్పులు కనిపిస్తున్నాయి. లేచి చెప్పులేసుకుని వెళ్లిపోవచ్చు. కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేశాను. ప్రార్థన చేసి, సంతకం పెట్టాను.

తప్పు పోయినవాడిదే అని తేలింది. రావలసిన పరిహారం రాలేదు. కాశమ్మ రెండేళ్ల పిల్లను ఒళ్లో వేసుకుని, గోడకు చేరబడి, "ఎందుకన్నయ్యా ఇలగయ్యింది?" అని నన్ను అడిగింది. "దేవుని చిత్తం చెల్లీ" అన్నాను.

నోటికొచ్చింది అన్నాను. ఆమె మాత్రం ఆ మాటను పట్టుకుంది. ఏడాది తిరక్కుండా మా సంఘానికి రావడం మొదలుపెట్టింది. తరువాత బాప్తిస్మం తీసుకుంది. ప్రతి ఏడూ భర్త పోయిన రోజు దాటాక వచ్చే ఆదివారం లేచి నిలబడి చెప్పేది. "మా ఆయన మొండోడు. బెల్టు కట్టుకోమంటే ఇన్లేదు. మమ్మల్ని రోడ్డున పడేసి పోనాడు. ప్రెబువు నన్ను లేపినాడు." అందరూ స్తోత్రం అనేవాళ్లు. నా పెదవులు కూడా కదిలేవి.

మా సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఎవరి మనస్సును వాళ్లు పరీక్షించుకుని రొట్టె తీసుకోవాలి. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు. అందుకని నేను ప్రతి నెలా మొదటి ఆదివారం కావాలని డ్యూటీ వేయించుకునేవాణ్ణి. ఆ తరువాత ఉక్కునగరం వైపు పనికి మారాను, అక్కడా అంతే చేశాను. ఆదివారాలు వదులుకుని కుటుంబం కోసం కష్టపడుతున్నాడని సంఘంలో నాకు మంచి పేరు కూడా వచ్చింది. ఈ మధ్య పనులు తగ్గి, నా గేట్‌పాస్ రెన్యూ కాలేదు. డ్యూటీ లేదు, సాకు లేదు. రెండు మూడుసార్లు రొట్టె ముక్క తీసుకుని జేబురుమాలులో దాచాను. ఇంటికి వచ్చి ఆ రుమాలు ఏం చేయాలో తెలిసేది కాదు.

అప్పుడే నన్ను సంఘపెద్దగా ఎంచుకున్నారు. వచ్చే మొదటి ఆదివారం నా మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అదే రోజు రొట్టె పళ్లెం పట్టుకుని వరస వెంట నడవాలి. ఆడవాళ్ల వైపు రెండో వరసలో, ఫ్యాను కింద, కాశమ్మ కూర్చుంటుంది.

దానికి ముందు గురువారం ఉదయం, ఇప్పటి పాస్టరు ఉదయ్‌కుమార్ గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. నాకంటే చిన్నవాడు. మధ్యలో ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు.

"దేవుని దగ్గర ఒప్పుకున్నారా?"

"రోజూ ఒప్పుకుంటన్నానండి అయ్యగారూ."

"అయితే ఆయన క్షమించాడు. అది నమ్మండి. ఇప్పుడావిడకి చెప్తే ఎవరికి మేలు? ఆవిడ ఎలాగో ఒకలా నిలబడింది. మీ మనసు తేలిక చేసుకోడానికి ఆవిడ మనసు మీద బండ పెట్టడం న్యాయమంటారా?"

ఆయన మాట వింటే పాస్టరుగారు చెప్పినట్టే చేశానని అనుకోవచ్చు. సూపర్‌వైజరు రాసిన కాగితం మీద కూడా అలాగే సంతకం పెట్టాను. మొన్నటిదాకా దేవుని చిత్తం అన్నాను, ఇక మీదట పాస్టరుగారి సలహా అనాలి. నేను అని ఎప్పుడు అంటాను?

"పెద్దరికానికి నా పేరు తీసీయండి అయ్యగారూ" అని చెప్పి వచ్చేశాను.

పుష్పకు కూడా ఆ రోజే చెప్పాను. బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "ఆ పులుసు నాను తిన్నాను" అంది. అంతే అంది. శనివారం నేను బయల్దేరుతుంటే, గూట్లోంచి ఆ గిన్నె తీసింది. మూడు ఇళ్లు మారాం, మూడింటికీ ఆ గిన్నె మాతో వచ్చింది. తీసుకెళ్లి ఇవ్వాలంటే కాశమ్మ కళ్లలోకి చూడాలి. అందుకే ఉండిపోయింది. పుష్ప దాన్ని చింతపండు పెట్టి తోమి, తుడిచి, నిండా పంచదార పోసింది.

"ఒకరి గిన్నె వొట్టిది ఇవ్వకూడదు" అంది.

కాశమ్మ ఇల్లు రైలుపట్టాల పక్క సందులో. వన్ టౌన్ షావుకారు దగ్గర చింతపండు తెచ్చి, ఇంట్లో కూర్చుని పిక్కలు తీసి ఇస్తుంది. నేను వెళ్లేసరికి వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని అదే పనిలో ఉంది. కూతురు యశస్విని ట్యూషన్‌కి వెళ్తూ, చెప్పులు కనిపించక తల్లి మీద విసుక్కుంటోంది.

"అన్నీ అయ్య బుద్దులే! సెప్తే ఇనవు గదా, మొండి గుంటా!" అని కాశమ్మ అరిచింది. అరిచి నన్ను చూసి నవ్వింది. "రా అన్నయ్యా, కూకో. రేపు పెద్దోడివైపోతన్నావంట. మాతో మాటాడతావా మరి?"

పిల్ల సైకిలెక్కి వెళ్లేదాకా ఆగాను. తరువాత చెప్పాను. కొక్కెం విరిగిన బెల్టు గురించి, నేను కట్టుకున్న మంచి బెల్టు గురించి, అతను అడిగితే నవ్వేసిన సంగతి, కాగితం, పావుగంట. ఏదీ దాచలేదు.

ఆమె వేళ్లు పిక్కలు తీస్తూనే ఉన్నాయి. పట్టాల మీద బొగ్గు గూడ్సు పోతోంది. అది పూర్తిగా పోయాక అడిగింది.

"అడిగినాడా ఆడు? బెల్టు?"

"అడిగినాడు."

"కట్టుకోనని అన్లేదా?"

"అన్లేదమ్మా. కట్టుకుంతానని అడిగినాడు."

"నవ్వతా అడిగినాడా?"

"నవ్వతానే."

"ఆడంతే. కావాల్సిందేదైనా నవ్వతానే అడుగుతాడు" అంది. చేతిలోని చింతపండు ముద్ద కింద పెట్టింది. "పదకొండేళ్లు తిట్టినానన్నయ్యా ఆణ్ణి. అందరి ముందరా లేసి తిట్టినాను. ఫొటో తీసీసి పెట్టిలో బోర్లా పడీసినాను. ఆ గుంట అయ్య మొకం కూడా ఎరగదు. ఇప్పుడు సచ్చినోడికి నానేటని సెప్పుకోవాల?"

వెనకనున్న గోడ వైపు చెయ్యి చూపించింది.

"దేవుని సిత్తమన్నావు. ఇక్కడే, ఈ గోడ కాడే. నువ్వలగ సెప్తన్నావని ఆ దేవుడికి తెలుసా? నువ్ సేసింది ఆయన నెత్తిన పెట్టీసినావు. ఆ మాట పట్టుకుని నాను సెర్చికొచ్చినాను. ఇప్పుడు నానెక్కడికెల్లాల?"

నా సందేహానికి జవాబు ఏ పాస్టరూ చెప్పలేదు. ఎనిమిదో తరగతి దాకా చదివిన ఆడమనిషి చెప్పింది. కాని ఆ జవాబు తెలిసినందువల్ల నాకు ఏ నెమ్మదీ రాలేదు.

"ఎక్కడ సెప్పమంటే అక్కడ సెప్తానమ్మా. ఆఫీసులకెల్లి నిజం రాసిచ్చేత్తాను" అన్నాను.

"ఎవుడికిస్తావు? ఆ కంట్రాక్టరు కరోనాలో పోనాడు. గోడౌను పడగొట్టీసి మరేదో కట్టినారు. ఎవుడు సదువుతాడు నీ కాగితం?"

మోకాళ్ల మీదికి వంగి ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్లు చింతపండు జిగురుతో నల్లగా ఉన్నాయి.

"సెమించమని అడక్కన్నయ్యా. సెర్చిలో అందరి ముందరా అడిగితే నాను కాదన్లేను, ఒగ్గీయాల్సిందే. అది నా ఇష్టం కాదు, ఆళ్ల కోసం. ఇక్కడ అడిగితే నా ఇష్టం. నాకిష్టం లేదు."

"సరేనమ్మా" అన్నాను.

"రేపు రాను. ఎందుకని అడిగితే ఒంట్లో బాగోలేదని సెప్పకు. అబద్దాలు సాలు."

లేవబోతూ సంచిలోంచి గిన్నె తీసి ఆమె ముందు పెట్టాను. "ఆ రోజు పులుసిచ్చినాడు, మా పుష్పకని. మర్నాడు తెచ్చీమన్నాడు."

కాశమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలున్నాయి. ఊళ్లో వాళ్ల పెళ్లికి ఎవరో చదివించిన క్యారేజీ. అప్పలసూరి, కాశమ్మ అని పక్కపక్కన. ఆమె బొటనవేలు మొదటి పేరు మీద మెల్లగా నడిచింది.

"మిగతా మూడూ లోపలున్నాయి. దీన్ని ఆడే ఎక్కడో పారీసుకున్నాడనుకున్నాను. దానికీ తిట్టినాను."

పక్కనున్న పాత పేపరు లాక్కుని, గిన్నెలోని పంచదారంతా దాని మీద వంచింది. అడుగున అంటుకున్న పలుకులు కూడా వేలితో దులిపింది. అంచులు మడిచి, పొట్లం గట్టిగా కట్టి, నా చేతిలో పెట్టింది.

"ఇది మీది, అట్టుకెల్లు" అంది.

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.