ఎడమవైపు స్టూలు

పెద్ద ఆయా మూలమంచం కింద తుడుస్తుండగా, పైన పడుకున్న ముసలాయన గోడకేసి చూస్తూ అన్నయ్య వచ్చాడన్నాడు. అక్కడ ఎవరూ లేరు. ఆమె తుడుపుకర్ర పక్కన పెట్టి, వార్డుకున్న ఒకే ఒక్క చెక్కస్టూలు తెచ్చి, చెంగుతో దుమ్ము దులిపి మంచం పక్కన వేసింది.

"కూర్చోమనండి బాబూ. ఎంతసేపని నిలబడతారు?"

ముసలాయన మొహం విప్పారింది. మధ్యాహ్నానికల్లా ఆ మంచం ఖాళీ అయింది.

కొత్తగా చేరిన చిన్న ఆయాకు ఆమె నేర్పిన మొదటి పని ఇదే. పోయేవాళ్ళకు పోయినవాళ్ళు కనిపిస్తారు, వాదించకూడదు. కసిరినా, వద్దన్నా పట్టించుకోకూడదు, ఆ సమయంలో వాళ్ళకు ఒళ్ళు తెలియదు. స్టూలు వెయ్యడమే మన వంతు. డాక్టర్లు నవ్వుకునేవారు. నవ్వితే ఆమెకేం పోయింది? ఆ వార్డులో తల్లులు రావడం చూసింది, అన్నదమ్ములు రావడం చూసింది, ఒకాయనకైతే పెంపుడుకుక్కే వచ్చింది. తనకు అమ్మ వస్తుందని ఏనాడో తీర్మానించుకుంది. ఆ ఒక్క ఆశతోనే ఇన్నేళ్ళూ చావుల మధ్య నిబ్బరంగా తిరిగింది.

కానీ ఈమధ్య కునుకు పడితే చాలు, మొగుడు కనిపిస్తున్నాడు. అతని చెంపదెబ్బకే ఆమె ఎడమచెవి పోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఈమెకు నవ్వడానికి తోడికోడలైనా లేదు. అతను పోయినప్పుడు పీడ విరగడైందనుకుంది. ఇప్పుడు కలలో అతని గొంతు ఆ పోయిన చెవిలోనే వినిపిస్తోంది. జీతంరోజున ఆసుపత్రి గేటు దగ్గర కాసుక్కూర్చుని అడిగిన మాటే.

"ఏమే, ఇంకా ఎంతసేపు?"

మూలమంచానికి ఉతికిన దుప్పటి పరుస్తుంటే గుండెలో పట్టేసింది. తను పరిచిన దుప్పటి మీదే వాలిపోయింది. నర్సు సూది వేసింది. డాక్టరు వచ్చి చూసి, చిన్న ఆయాను దగ్గరే ఉండమని వెళ్ళిపోయాడు. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం ఎండ కిటికీ దిగుతుండగా పెద్ద ఆయా చూపు ఎడమవైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. పాదాలు రాస్తున్న చిన్న ఆయాకు అర్థమైంది.

"ఎవరొచ్చారు పెద్దమ్మా? అమ్మమ్మేనా?"

"వాడే. నా మొగుడు. స్టూలు వెయ్యకే. వాణ్ణి కూర్చోనివ్వకు."

చిన్న ఆయాకు కళ్ళు నిండాయి. వద్దన్నా పట్టించుకోవద్దని నేర్పిన మనిషి మాట ఆమె ఎలా జవదాటుతుంది? స్టూలు తెచ్చి, చెంగుతో దులిపి, ఎడమవైపు వేసింది.

"కూర్చో పెదనాన్నా" అంది, మర్యాదగా.

పెద్ద ఆయా చెయ్యి లేచింది, స్టూలును తోసెయ్యడానికి. మంచం అంచుదాకా వచ్చి వేలాడింది. పాపం, మొగుడి కోసం చెయ్యి చాస్తోందనుకుంది చిన్న ఆయా. ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని స్టూలు మీద ఉంచింది. అది మళ్ళీ కదల్లేదు.

చీకటి పడేలోగా శవాన్ని తీసుకెళ్ళారు, దుప్పటి ఉతుక్కి వేశారు. స్టూలు మాత్రం దుమ్ము లేకుండా శుభ్రంగా, ఆ ఖాళీ మంచానికి ఎడమవైపునే ఉండిపోయింది.