గమనికల్లో వెతుకు

కూర్మమ్మ ప్లాంటు గేటు బయట నుంచి ఫోన్ చేసేసరికి ఉష రెండో అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చుని డబ్బాలోని ఉప్మా తింటోంది. పిన్ని డ్యూటీ వేళలో ఎప్పుడూ ఫోన్ చేయదు. రొయ్యలు వలిచే హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు మరి. ఫోన్ తెరమీద ఆ పేరు చూడగానే ఉష చెంచా వదిలేసి ఫోన్ ఎత్తింది.

"ఉషా, ఒకపాలి కిందకి రాయే," అంది కూర్మమ్మ. "మమ్మల్ని లోనికి రానీడం నేదు. సేతిలో కాయితాలెట్టేరు. ఏటో రాసున్నాది, సదివి సెప్పుదువు."

డబ్బా మూత కూడా పెట్టకుండా పరుగెత్తింది ఉష. ఎచ్చెర్ల దాటాక హైవే పక్కనే ఉంటుంది ఆ ప్లాంటు. గేటు దగ్గర సెక్యూరిటీ గది నీడలో పదకొండు మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ పేటవాళ్లే, అందరి ఇళ్లలోనూ మగవాళ్లు సముద్రం మీదికి వేటకు వెళ్లేవాళ్లే. ఉష పుట్టింది ఆ పేటలోనే. తల్లి పోయాక ఆమెకు తల దువ్వి బడికి పంపింది కూర్మమ్మే.

కాగితం అందుకుని ఉష పైకే చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండు లైన్లు ఆఫీసు భాష. ఇవాళ్టి నుంచి పనిలోకి రానక్కర్లేదని, క్రమశిక్షణ తప్పారని. మూడో లైను దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది.

"తెప్ప ఒడ్డుకొచ్చే రోజున పదిహేడో నంబరు కూర్మమ్మ వెనక గేటు నుంచి వెళ్తుంది. ఆమె ఏప్రన్ని పద్దెనిమిదో నంబరు కుమారి తన ఏప్రన్ మీద తొడుక్కుంటుంది. రెండు గంటల్లో కూర్మమ్మ తిరిగి వస్తుంది."

ఆఫీసులో ఎవరు రాస్తారండీ 'తెప్ప ఒడ్డుకొచ్చే రోజున' అని? ఏసీ గదుల్లో కూర్చునే వాళ్లకి తెప్ప ఎప్పుడు వెళ్తుందో, ఎప్పుడు వస్తుందో ఏం పట్టింది! ఆ మాటలు ఉషవి. అక్షరం పొల్లు పోకుండా ఉషవి. నాలుగు నెలల క్రితం పైన తన కంప్యూటర్లో తన వేళ్లతో కొట్టుకున్న మాటలు.

"ఏటే, ఆగిపోనావు?" అంది కుమారి. ఆమె చేతిలోనూ అలాంటి కాగితమే ఉంది.

"ఒక్క నిమిషం పిన్నీ, ఇప్పుడే వస్తాను," అని ఆ కాగితంతోనే ఉష మెట్లెక్కింది.

అసలు సంగతి చెప్పాలి. పేటలో మగవాడు వేట తెస్తాడు, అమ్మేది ఆడది. తెప్ప ఇసుకలోకి లాగే వేళకి ఇంటి ఆడమనిషి ఒడ్డున ఉండాలి. లేకపోతే ఆ చేపకి దిక్కు లేదు, వచ్చినవాడు చెప్పిందే ధర. ఆ వేళ ఇదని ఎవరూ ముందుగా చెప్పలేరు. గాలిని బట్టి, నీటిని బట్టి వస్తుంది. మరి ప్లాంటులో ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కిన మనిషి రెండింటిదాకా కదలకూడదు. అందుకని ఆ పదకొండు మందీ తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. తెప్ప వచ్చినవాళ్లు వెళ్తారు, వాళ్ల నంబరున్న ఏప్రన్ పక్కామె తొడుక్కుంటుంది, వాళ్ల బల్లమీది రొయ్యల కుప్పని తక్కిన పదిమందీ పంచుకుని వలిచేస్తారు. దాన్ని వాళ్లు బదులు అంటారు. ఏడేళ్లలో ఒక్కనాడు కుప్ప మిగల్లేదు, పైదేశాలకు పంపిన ఒక్క డబ్బా వెనక్కి రాలేదు. పైవాళ్లకు తెలిస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఏ రొయ్య ఏ నంబరు మనిషి వలిచిందో విదేశీ కంపెనీలకి లెక్క చెప్పాలి కదా.

ఆ తర్వాత భాస్కర్ వచ్చాడు. కోటబొమ్మాళి వైపు రైతు కుటుంబం. ప్లాంటులో ప్రతి పనీ ఎవరు, ఎప్పుడు, ఎలా చేస్తారో కంప్యూటర్లో బొమ్మలుగా గీయించడానికి తెచ్చారు అతన్ని. పెద్ద ఉద్యోగం, పెద్ద చదువు. అయినా మాట మాత్రం మన మాటే. డిస్పాచ్‌లో బిల్లులు కొట్టుకుంటున్న ఉష దగ్గరికి మొదటి వారంలోనే వచ్చి, "ఏటి ఉషా, పేట పిల్లవేనా సెల్లీ? అయితే ఈ పని నీదే," అన్నాడు. ఉష పొంగిపోయింది. ఎందుకు పొంగదు? నాలుగేళ్లుగా ఆ అంతస్తులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాడు లేడు.

సాఫ్ట్‌వేర్ అతనే నేర్పాడు, పక్కన కుర్చీ వేసుకుని, ఓపికగా. ఒక్కో పనికి ఒక్కో పెట్టె. పెట్టెకీ పెట్టెకీ మధ్య బాణం. "పెట్టె మీద రెండుసార్లు నొక్కితే వెనకాల గమనిక అని జాగా వస్తాది. అది నీ సొంతం. నీకు గుర్తుండటానికి ఏటైనా రాసుకో. బొమ్మ ప్రింటు తీసినా అది రాదు," అన్నాడు.

నాలుగు వందల పెట్టెలయ్యాక ఏది ఎక్కడుందో వెతుక్కోవడం కూడా నేర్పాడు. పైన భూతద్దం గుర్తు. పేరు కొట్టాలి, ఎంటర్ నొక్కాలి. పెట్టె ఎక్కడున్నా పసుపు రంగులో మెరుస్తుంది. ఆ భూతద్దం పక్కన చిన్న బాణం ఉంటే, "ఇదేటన్నా?" అని ఒకసారి అడిగింది. "అది మనకెందుకులే సెల్లీ, సాఫ్ట్‌వేరోళ్లకి," అన్నాడు భాస్కర్. ఆమె మళ్లీ అడగలేదు.

హాలు బొమ్మ గీయడానికి ఉష మధ్యాహ్నం భోజనాల వేళ ఆ ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఉష కాబట్టి బదులు సంగతి కూడా చెప్పారు. చెప్పి కూర్మమ్మ, "ఇది మటుకు రాయకే," అంది. "బొమ్మలో రాయను పిన్నీ," అంది ఉష. అబద్ధం చెప్పలేదు. బొమ్మలో రాయలేదు, గమనికలో రాసుకుంది. షిఫ్టులు మళ్లీ గీసే రోజు వస్తుంది కదా, అప్పుడు భాస్కరన్నతో మాట్లాడి, తెప్ప రోజున రెండు గంటల సెలవు ఈ పదకొండు మందికీ అధికారికంగా ఇప్పించాలని ఆమె ఆశ. అందుకని ఒక్కటీ మరచిపోకూడదని పేర్లతో, నంబర్లతో, తారీఖులతో సహా రాసుకుంది. చక్కగా చేసే అలవాటు కొందరికి ఎంత చేటు తెస్తుందో చూడండి.

ఉష తన కుర్చీలో కూర్చుంది. ఉప్మా చల్లారిపోయింది. భూతద్దం పక్కన ఉన్న ఆ చిన్న బాణం మీద మొదటిసారి నొక్కింది.

కిందికి ఒక పలక తెరుచుకుంది. ఎక్కడ వెతకాలి అని అడుగుతోంది. పేరులో. రకంలో. గమనికల్లో. ఒక బొమ్మలోనా, అన్ని బొమ్మల్లోనా. ఇంత సులువు! ఇంతేనా! దాని కిందే 'దాచిన వెతుకులాటలు' అని మరో వరస. అందులో మూడు ఉన్నాయి. మూడూ భాస్కర్ పేరు మీదే ఉన్నాయి. గమనికల్లో 'ఏప్రన్', అన్ని బొమ్మలు. గమనికల్లో 'తెప్ప', అన్ని బొమ్మలు. గమనికల్లో 'బదులు', అన్ని బొమ్మలు.

మూడోది నొక్కింది. ఇరవై మూడు దొరికాయని చూపించింది. ఒకదాని కింద ఒకటి ఆమె వాక్యాలే. కుమారి గురించి, పిన్ని గురించి, వెనక గేటు గొళ్లెం గురించి, అన్నీ.

పక్కన తారీఖు ఉంది, ఓ సోమవారం. ఆ ముందు ఆదివారం ఉషకి బాగా గుర్తు. భాస్కర్ పేటకొచ్చాడు. కూర్మమ్మ నెత్తళ్ల చేపల పులుసు పెట్టింది. రెండోసారి అన్నం వేయించుకుని తిని, "అమ్మ సేతి వంటలా ఉన్నాది," అన్నాడు. తిన్న చెయ్యి కడుక్కున్న మర్నాడే వచ్చి ఇది కొట్టాడన్నమాట! తడిగుడ్డతో గొంతు కోయడం అంటే వినడమే గానీ ఉష ఇన్నాళ్లూ చూడలేదు.

ఒళ్లు మండిపోయింది. లేచి నేరుగా అతని గదిలోకి వెళ్లింది, తలుపు కూడా కొట్టలేదు.

"గమనిక నా సొంతం అన్నారు కదన్నా," అంది.

భాస్కర్ తలెత్తాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు, అదే ఆమెను ఇంకా కాల్చింది. "కూకో సెల్లీ," అన్నాడు.

"నేను కూర్చోను. చెప్పండి."

"సొంతమన్నాను. ఎతికితే దొరకదని అన్నేదు కదా." గొంతు పెంచలేదు. "నాను ఒక్క ముక్క కల్పించినానా? రాసింది నువ్వు. నాను సదివినాను. పైవోళ్లకి హాల్లో ఏటి జరుగుతున్నాదో తెలాల. అది కనిపెట్టడానికే నన్ను తెచ్చినారు."

"మా పిన్ని ఇంట్లో తిన్నారు."

భాస్కర్ సొరుగు లాగి ఒక కవరు బల్లమీద పెట్టాడు. "నీకు సీనియర్ పోస్టు రాయించినాను. ఇప్పుడు కోపంగా ఉంటాది. రేపు తీసుకుందువుగాని."

ఉష కవరు ముట్టకుండా బయటికొచ్చి తన కుర్చీలో కూలబడింది. తెర ఇంకా తెరిచే ఉంది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, 'బదులు' అన్న మాట చెరిపేసి అక్కడ తన పేరు కొట్టింది. గమనికల్లో 'ఉష', అన్ని బొమ్మలు.

ఒకటే దొరికింది. మొట్టమొదటి బొమ్మ, ప్రాజెక్టు మొత్తానికి వేసుకున్న ప్రణాళిక అది. ఎనిమిది నెలల నాటిది. అందులో 'సమాచార సేకరణ' అని ఒక పెట్టె. దాని మీద రెండుసార్లు నొక్కింది. వెనకాల భాస్కర్ రాసుకున్న గమనిక ఉంది. తన సొంతానికి, తనకు గుర్తుండటానికి.

"హాలు ఆడవాళ్లు మనకి నోరు విప్పరు. డిస్పాచ్ ఉష ద్వారా రాబట్టాలి. వాళ్ల మనిషి. నమ్ముతారు."

రెండుసార్లు చదివింది. 'ఏటి ఉషా, పేట పిల్లవేనా' అన్న రోజు కన్నా ఒక రోజు ముందు తారీఖది. ఆ పిలుపు కూడా పనిలో భాగమే! ఆమెను పేరు పెట్టి పిలిచిన ఒకే ఒక్క మనిషి ఆ పేరుని ముందు ఈ పెట్టె వెనకాల రాసుకుని, తర్వాత వచ్చి పిలిచాడు.

ప్రింటు తీయబోయి ఆగింది. గమనికలు ప్రింటులో రావు కదా. ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు. పిన్ని కాగితం వెనక్కి తిప్పి, తెర చూస్తూ పెన్నుతో రాసుకుంది. తారీఖుతో సహా.

కింద ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ఉష పైన ఉండగా కుమారి కాగితాన్ని సెక్యూరిటీ అతని చేత చదివించుకున్నారు. పేటకు వెళ్లే ఆటో వచ్చి ఆగి ఉంది. కుమారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో, "ఆఁ, వచ్చీస్తన్నాం, తెప్పలు లాగండి," అంటోంది.

"పిన్నీ," అంది ఉష. ఆయాసం వస్తోంది. "ఇది చూడు. ఆ భాస్కర్ మోసం చూడు. మొదటి రోజు నుంచే పన్నాగం."

"నాకు సదువొస్తాదేటి? సదువు."

చదివింది. అందరూ విన్నారు. హాలు ఆడవాళ్లు, ఉష ద్వారా, వాళ్ల మనిషి, నమ్ముతారు. ఆఖరి మాటదాకా చదివింది. వాడు ఎంత నంగనాచో వాళ్లకి తెలియాలి. ఇది వాడి పని అని పిన్ని అనాలి. అంతకన్నా ఆమెకు ఇంకేం అక్కర్లేదు.

కూర్మమ్మ కాగితం తీసుకుంది. తిప్పి ముందు వైపు చూసింది, మళ్లీ వెనక వైపు చూసింది.

"ఈ యెనకది ఆడు రాసినాడు."

"అవును పిన్నీ."

"ముందేపు మా పేర్లు, నంబర్లు ఉన్నాయి. ఇయి ఎవులు రాసినారు?"

ఉష తల దించుకుంది. పదకొండు మందీ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

"రాయొద్దన్నాను కదే, తల్లీ," అంది కూర్మమ్మ. తిట్టినా బాగుండేది. చాలా మెల్లగా అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. "ఆడిని ఏటి అనడానికి? ఆడు మనోడు కాడు. ఆ కడపటి ముక్క మటుకు నిజమే రాసినాడు. నమ్మినాం."

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ముందు నలుగురు, వెనక ఏడుగురు, ఒకరి ఒళ్లో ఒకరు. రోజూ అలాగే వెళ్తారు. సెలవుకి ముందు రోజున ఉష కూడా వాళ్లతోపాటే పేటకి వెళ్లేది. ఎంత ఇరుకైనా, "జరగండే, ఉషకి సోటియ్యండి," అని కూర్మమ్మ కసిరేది.

ఉష ఆటో దగ్గరికి నడిచి కడ్డీ పట్టుకుని నిలబడింది. లోపల ఎవరూ జరగలేదు.