చీకు ముక్క

చలమయ్య అన్నవాహికలో వేసిన స్టెంటు మూతికి బిరడాలా బిగుసుకుని ఒక మాంసం ముక్క దొరికింది; ఆ ఇంట్లో మాంసం వండి నెలలు దాటింది.

డాక్టర్ హేమశ్రీ దాన్ని చిన్న స్టీలు గిన్నెలో తెచ్చి, గది బయట కూర్చున్న అతని భార్య మంగాయమ్మకు చూపించింది.

"ఉమ్ము కూడా దిగకపోవడానికి కారణం ఇదమ్మా. మొదటే చెప్పాను కదా. గడ్డ పెరిగి దారి మూసుకుపోతే, దాన్ని పక్కకి నెట్టి వలలాంటి గొట్టం పెట్టాం. అది మింగడానికి దారి, అంతే. జబ్బు జబ్బులాగే ఉంది. గంజి, జావ, మెత్తగా రుబ్బినవి తప్ప ఇంకేం పెట్టొద్దన్నాను. ఈసారికి తీసేశాం. మళ్ళీ ఇలా చేసి గొట్టం జారిందంటే, నోటితో తినడమే ఉండకపోవచ్చు. పొట్టకి గొట్టం వేసి పొయ్యాల్సి వస్తుంది. ఎవరు పెట్టారిది?"

"నాను పెట్టలేదమ్మా," అంది మంగాయమ్మ.

కోపమో భయమో రావలసిన చోట ఆమెకి ఏమీ రాలేదు. క్యాన్సర్ అని చెప్పిన రోజున కూడా ఇంతే. ఆ మాట విని, మెట్లు దిగి, ఆటోవాడితో బేరమాడి ఇంటికి వెళ్ళి బియ్యం కడిగింది. మొగుడికి మాత్రం చెప్పలేదు. వాపు అంది. పైపు వేస్తే తగ్గిపోతుందంది. నిజం తెలిస్తే మనిషి ఆ పూటే మంచం పట్టేస్తాడని ఆమె నమ్మకం. అప్పట్నుంచీ అతని గొంతు కన్నా చెవులకే ఎక్కువ కాపలా కాస్తోంది.

గిన్నె అందుకుని లోపలికి వంగి చూసింది. ముక్క ఒక పక్క మాడింది. నడిమధ్య సన్నటి బెజ్జం, ఈ కొస నుంచి ఆ కొసకి. ఇనప పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాల్చిన ముక్క.

చీకు ముక్క.

సాయంత్రమైతే తాముండే మల్కాపురంలో చీకుల బండి దగ్గర ఎవరుంటారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. సొంత తమ్ముడు దొరబాబు. చలమయ్య పైపుల ఫిట్టరుగా ఉన్న కంపెనీలోనే అతనికి హెల్పరుగా చేరి, పనీ చీకులూ రెండూ బావ దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆసుపత్రి వరండా చివర టీ తాగుతున్నాడు.

"నువ్వేనేట్రా?" అంది మంగాయమ్మ.

"ఏటి?"

"మీ బావకి సీకు ముక్కెట్టింది."

దొరబాబు గ్లాసు గట్టు మీద పెట్టాడు. "నానెడితే ఒక్క ముక్కెడతానేటప్పా? పది పుల్లలు కట్టించి తెత్తాను. సగం దార్లోనే నానే తినీసి, మిగతా సగానికి ఉల్లిపాయలు తెచ్చిత్తాను."

"నవ్వులాట కాదు."

"నాను నవ్వట్లేదు." అతను అక్క మొహంలోకి చూడలేకపోయాడు. "నిన్న సందేళ నువ్వు మందుల షాపుకెల్లినప్పుడు బావే బండికాడికొచ్చినాడు. గోడ పట్టుకోని, మెల్లగా. పోన్లే, నడుత్తన్నాడు అనుకున్నాను. ఒక పుల్ల తీయించి, ఒక్క ముక్క లాగి కాయితంలో సుట్టుకున్నాడు. మిగతాది నా సేతిలో ఎట్టీసినాడు. 'ఒక్కటేటి బావా, పిల్లికా' అన్నాను. 'ఒక్కటి సాలు' అన్నాడు."

"నాకు సెప్పలేదేటి?"

"తింటాడనుకోలేదప్పా. ఇడ్లీ పాలల్లో పిసుక్కోని తాగే మడిసి. వాసన సూసుకోడానికేమో అనుకున్నాను."

మంగాయమ్మ గిన్నె పట్టుకునే వార్డులోకి నడిచింది. తలగడ ఎత్తుగా పెట్టుకుని చలమయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీలోంచి కనిపించేది పక్క బిల్డింగు నీళ్ళ ట్యాంకు, దాని నుంచి కిందికి దిగిన పైపులు. ఆమె గిన్నెని స్టూలు మీద పెట్టింది. తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచింది.

"ఆకలేసిందేటి?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరెందుకు?"

చలమయ్య గిన్నెని చూశాడు. గొంతు బొంగురుపోయింది కానీ, మాట నిలకడగానే వచ్చింది.

"నానే తిన్నాను. నమల్లేదు, కావాలనే. దొరబాబునేటీ అనకు, ఆడికి తెల్దు. ఎన్ని పైపు లైన్లేసినాను మంగా నాను. కొత్త పైపేసినాక నీల్లు నింపి లోడెట్టి సూడకండా ఒక్క లైనూ ఒప్పసెప్పలేదు. పైపేసీసినారు, బాగయిపోనాది అన్నావు నువ్వు. బాగయిపోతే గంజెందుకు? నిన్నడిగితే వాపంటావు. డాట్రమ్మనడిగితే నీ మొకం సూత్తాది. అందరూ నీ మొకమే సూత్తారు. అందుకే మిమ్మల్నొగ్గేసి పైపునే అడిగినాను. ముక్క దిగితే నువ్వు సెప్పింది నిజం. దిగలేదు. పైపు మంచిదే, నిన్నటిదాకా నీ గంజి దిగింది గదా. సుట్టూ నొక్కతన్నదే ఇంకా అక్కడుంది. అది వాపు కాదు. దాని పేరు నాకు తెల్సు, నువ్వు సెప్పక్కర్లేదు. ఆ గిన్నె తీసీ. గంజి తే, తాగుతాను. ఇంకెప్పుడూ ముక్క ముట్టను. ఒకసారి టెస్టు సేసీసిన లైను మల్లీ ఎవుడూ టెస్టు సెయ్యడు."