దేవుడి గుడారం నుంచి వాయిదా దాకా

నేను ఒక వేరుని. చెట్టు వేరనుకుని పార పట్టుకోకండి, మాట వేరుని. చేతికి దొరకను, నోళ్లలో బతుకుతాను. ఒళ్లంతా కలిపి మూడే హల్లులు: ముందు వ, చివర ద, మధ్యలో గొంతు అడుగు నుంచి పిండి తీసినట్టు వచ్చే ఇంకో శబ్దం. ఆ మధ్యదానికి తెలుగులో అక్షరమే లేదు, మీకెలా చూపించను? అచ్చులు నా సొంతం కావు. ఎవరింటికి వెళ్తే వాళ్లు తొడుగుతారు. సెమిటిక్ భాషల కుటుంబంలో చాలా మాటలు ఇలాగే పుడతాయి, ఎముకలు అందరివీ ఒకటే, బట్టలు మాత్రం ఎవరివి వాళ్లవి.

నన్ను ఎవరు పుట్టించారో నాకే తెలీదు, అప్పటికింకా రాత లేదు. కానీ ఎందుకు పుట్టించారో తెలుసు. నలుగురు కూడి, ఫలానా చోట, ఫలానా వేళకి కలుద్దామని ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలే నేను. ఎంత మంచి పనికి పుట్టానో చూడండి! ఉగారిత్ అనే సముద్రతీరపు పట్నంలో మట్టిపలకల మీద దేవతల సభకి నా పేరే పెట్టారు. హీబ్రూ వాళ్లింటికి వెళ్తే నా వకారాన్ని చాలా చోట్ల యకారం చేసేశారు, అయినా పోనీలే అనుకున్నాను, ఎందుకంటే ఏటేటా వేళకి వచ్చే పండుగ నేనే, దేవుడు మనిషిని కలుసుకునే గుడారం పేరులోనూ నేనే. ఇప్పుడు అదే భాషలో అపార్ట్‌మెంటు కమిటీ కూడా నేనే. దేవుడు కూర్చున్న చోట నీళ్ల ట్యాంకు గురించి పోట్లాడుకుంటున్నారు. మనుషులు అంతే, దేన్నైనా వాడేస్తారు.

అరబ్బీలో నాకు ఇంకో బతుకు దొరికింది. కలుద్దాం అన్న చోట, చేస్తాను అనే అర్థం వచ్చి కూర్చుంది. వాద్ అంటే మాట ఇవ్వడం. కాస్త సాగదీసి వయీద్ అంటే బెదిరింపు. మాట ఇచ్చేవాడూ బెదిరించేవాడూ రేపటి గురించే మాట్లాడతారు కదా, అందుకేనేమో ఇద్దరికీ ఒకే ఎముకలు సరిపోయాయి. అక్కడి నుంచి పారసీలోకి, ఆ తర్వాత ఇటు దక్కనులోకి, మరాఠీ ఉర్దూల మధ్య నలిగి తెలుగులోకి వచ్చేసరికి నా మధ్య ఎముక పూర్తిగా అరిగిపోయింది. వాయిదా అన్నారు నన్ను. ఒకప్పుడు వస్తానని చెప్పడానికి పుట్టినదాన్ని, ఇప్పుడు ఇవాళ రాను అని చెప్పడానికి పనికొస్తున్నాను.

నా రెండు రూపాలనీ ఒకేసారి మోసిన ఇల్లు ఒకటుంది. జగిత్యాల దిక్కు ఒక ఊళ్లో లస్మవ్వ బీడీలు చుడుతుంది. మొగుడు బీమన్న డ్రైవరు పనని గల్ఫ్ వెళ్లి, తీరా దిగాక ఎడారిలో ఒంటెల మంద ముందు నిలబడ్డాడు. అతను వెళ్లినప్పుడు ఆమె కడుపుతో ఉంది. పుట్టిన రవళి నడక నేర్చింది, మాటలు నేర్చింది, ఫోనుని చూపించి "బాపు" అనడం నేర్చింది. ఆ పిల్లని ఒక్కసారి ఎత్తుకోవాలి, అంతే, బీమన్నకి ఇంకో కోరిక లేదు.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. అక్కడ యజమానిని కఫీల్ అంటారు. కఫీల్ ముసలివాడు, పేరు ముత్లక్. పెత్తనం కొడుకులది. రంజాన్ అయ్యాక పంపిస్తాం, వాద్, అన్నారు. హజ్ అయ్యాక, వాద్, అన్నారు. వాళ్లు నన్ను ఖర్జూరం గింజలా నోట్లోంచి ఉమ్మేసేవాళ్లు. బీమన్న మాత్రం ప్రతిసారీ ఏరుకుని ఇంటికి పంపేవాడు. లస్మవ్వ దగ్గరికి వచ్చేసరికి నేను మళ్లీ వాయిదానే.

"మల్ల వాయిదానేనానే?" అనేది పక్కన తునికాకు కత్తిరిస్తూ పోసక్క. "నీ మొగడు ఆడ ఒంటెనే చేసుకున్నడేమోనే లస్మీ! అదే ఆయన్ని పోనిస్తలేదు."

"చేసుకోనియ్ అక్కా, నా అసోంటి మూతే దొరికింది ఆయనకు," అని లస్మవ్వ కూడా నవ్వేది. అప్పట్లో నవ్వేది.

ఒక మధ్యాహ్నం బీమన్న నీళ్ల ట్యాంకరు దగ్గర ముసలాయన్నే నేరుగా అడిగాడు. చేతులతో పసిపిల్లని ఊపుతున్నట్టు చూపించి, ఆకాశంలో విమానాన్ని చూపించి అడిగాడు. ముత్లక్ చాలాసేపు చూసి, చూపుడువేలు తన ముక్కు మీద పెట్టుకుని, ఒంటెలు ఈనగానే, వాద్, అన్నాడు. ఆ ఎడారి మనుషులకి ముక్కంటే పరువు. ముక్కు తాకి చెప్పిన మాట తప్పితే వాడు నలుగురిలో తలెత్తుకోలేడు. ఎన్నో ఏళ్లకి నా ఎముకలన్నీ గట్టిగా ఉన్న నోటి నుంచి వచ్చాను. నిజంగా, ఆ క్షణంలో నేను మళ్లీ దేవుడి గుడారమంత పెద్దదాన్నయ్యాను!

కానీ బీమన్న తెలుగువాడు. ముక్కు మీద వేలంటే అతనికి తెలిసింది ఒక్కటే.

"ముక్కు మీద ఏలేస్కున్నడే ముసలోడు," అన్నాడు ఫోనులో. "పోతనంటావుర నువ్వు అన్నట్టు జూసిండు. నవ్వులాట జేసిండు. ఇగ వీళ్లు నన్ను పంపరు లస్మీ."

"ఇజ్జతు లేనోళ్లు!" లస్మవ్వ ఒళ్లోని చాట పక్కకి తోసేసింది. "ఇంకెన్ని వాయిదాలు? ఉరికి రా నువ్వు. ఎట్లన్న జేసి ఉరికి రా."

అతను ఉరికాడు. రోడ్డు దాకా వెళ్లాడు, పోలీసులకి దొరికాడు. పారిపోయిన కూలీ అని కొడుకులు అప్పటికే ఫిర్యాదు రాయించారు. ముత్లక్ అలిగి జైలు వైపు రాలేదు. ముక్కు మీద పెట్టి చెప్పినా నమ్మలేదా నన్ను, అని తన గుడారంలో అందరికీ వీపు తిప్పి కూర్చున్నాడట. ఆ చలికాలంలో చనిపోయాడు. కొడుకులు ఫిర్యాదు వెనక్కి తీసుకునేది లేదన్నారు. జైలు వదలాలంటే కోర్టు తేల్చాలి, కోర్టులో విచారణ రోజు పేరు మౌఇద్. అదీ నేనే. ఆ రోజు వస్తుంది, ఇంకో రోజుకి వెళ్తుంది. ఇక్కడ లస్మవ్వ మొగుణ్ణి విడిపించమని పట్నంలో సర్కారు ఆఫీసు మెట్లెక్కితే గుమస్తా తలెత్తకుండానే నన్ను ఆమె చేతిలో పెడతాడు. సముద్రానికి అటూ ఇటూ నేనే ఉన్నాను, ఏం లాభం?

మందలో కలిసి పనిచేసిన సూడాన్ మనిషి ఆదమ్ ఒకసారి జైలుకి వచ్చి బీమన్నకి అసలు సంగతి చెప్పాడు. బీమన్న అది జైలు ఫోనులో లస్మవ్వకి చెప్పడానికి చాలా రోజులు తీసుకున్నాడు.

"ముక్కు మీద ఏలు వెట్టుడంటే ఆళ్లకు ఒట్టు వెట్టుడట లస్మీ. ముసలోడు నిజంగనే పంపుతుండెనట. పాస్‌పోర్టు కొడుకుల తానకెల్లి గుంజుకున్నడట."

లస్మవ్వ మెల్లగా, "నేనే గద ఉరుకుమన్న," అంది.

"ఉరికింది నేను గద. నీదేమున్నదే. ఇగ నా కోసం సూడకు. ఈళ్లు ఇడువరు. పిల్లకు జెప్పు, బాపు రాడని."

"నాతోని గాదు. నువ్వే జెప్పు." ఫోను రవళి చెవికి ఆనించింది.

పిల్ల ఊపిరి తీగ వెంట అంత దూరం వెళ్లింది. బీమన్న నోరు తెరిచాడు. రాను అనే మాట నాలుక మీదికి వచ్చిందని నాకు తెలుసు, పక్కనే ఉన్నాను. ఎంతమంది ఎన్నిసార్లు నాతో అతని గొంతు కోశారో కూడా తెలుసు. ఈ ఒక్కడైనా నన్ను వదిలేస్తాడనుకున్నాను.

"వానలు పడంగనే వస్త బిడ్డా," అన్నాడు. "పక్కా వస్త."

అబద్ధమని అతనికి తెలుసు. లైన్ తెగిపోయాక కూడా ఫోను పట్టుకుని నిలబడ్డ లస్మవ్వకీ తెలుసు. ఆమె మళ్లీ చాట ముందేసుకుని తునికాకులో తంబాకు పోసి చుట్టడం మొదలుపెట్టింది. రవళి అప్పటికే గడప దాటేసింది. "మా బాపు వస్తుండు! వానలు పడంగనే వస్తుండు!" అని గల్లీ అంతా అరుస్తూ, ఎదురైన ప్రతి మనిషినీ ఆపి చెబుతూ, ఎండలో నన్ను పట్టుకుని పరుగెడుతోంది.