ఇరవై నాలుగు సెకన్ల కుర్చీ

వరదానం పగ పట్టి మూడేళ్ళయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. భార్య ఏసుకుమారి దాన్ని మొహమాటం అనుకుంది. కొడుకు నోయెల్ పిరికితనం అనుకున్నాడు. వరదానం ఎవరినీ సరిదిద్దలేదు. మాట తక్కువ మనిషి.

పగ ఎవరి మీదంటే, బాస్కెట్‌బాల్ కోచ్ బ్రెన్నెర్ మీద.

వరదానానిది భీమవరం దగ్గర. పరాయి దేశంలో, జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగానికి వచ్చాడు. వచ్చిన కొత్తలో ఇల్లు దొరకలేదు. ఫోన్లో పేరు చెప్పగానే ఇల్లు అయిపోయిందనేవారు. అప్పటికి నోయెల్‌కి ఏడేళ్ళు. క్లాసులో అందరికన్నా పొడుగు. పక్క ఊళ్ళో చిన్న క్లబ్బు ఉంటే అందులో చేర్చారు. అక్కడ కోచ్ బ్రెన్నెర్. వీళ్ళ అవస్థ విని, తనకు తెలిసినాయనతో ఒక మాట చెప్పాడు. వారంలో ఇల్లు దొరికింది. బాల్కనీతో సహా.

ఆ మేలు వరదానం మర్చిపోలేదు. అసలు ముప్పంతా అక్కడే మొదలైంది.

ఆ దేశంలో క్లబ్బులకో పద్ధతి ఉంది. ఆట ఎవరి హాల్లో జరిగితే, గీత పక్కన బల్ల దగ్గర కూర్చునే మనుషుల్ని వాళ్ళే పెట్టుకోవాలి. ఒకరు స్కోరు రాస్తారు. ఒకరు ఆట గడియారం చూస్తారు. ఇంకొకరు ఇరవై నాలుగు సెకన్ల గడియారం చూస్తారు. పిల్లల తల్లిదండ్రులే పరీక్ష రాసి ఆ కుర్చీల్లో కూర్చుంటారు. నోయెల్‌కి తొమ్మిదేళ్ళప్పుడు వరదానం మూడో కుర్చీలో కూర్చున్నాడు.

పని చిన్నదే. బంతి చేతికొచ్చిన జట్టు ఇరవై నాలుగు సెకన్లలో బుట్టకేసి వెయ్యాలి. వేసిన బంతి రింగుకి తగిలి మళ్ళీ వాళ్ళకే దొరికితే, బొత్తాం నొక్కి పద్నాలుగు సెకన్లు కొత్తగా ఇవ్వాలి. రింగుకి తగలకపోతే ఏమీ ఇవ్వకూడదు. గడియారం నడుస్తూనే ఉండాలి. అయిపోతే కూత. బంతి అవతలి వాళ్ళది.

రెండో ఏడు ఒక ఆటలో బ్రెన్నెర్ బల్ల పక్కనుంచి పోతూ వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టాడు. విరామంలో కాఫీ తెచ్చి ఇచ్చి నవ్వుతూ చెప్పాడు.

"నేను తట్టానంటే, మన బంతి రింగుకి తగిలినట్టే వరదా. నువ్వు మనవాడివి కదా."

వరదానానికి బాల్కనీ కళ్ళ ముందు కనిపించింది. ఆ సాయంత్రం తగలని బంతికి బొత్తాం నొక్కాడు. ఆదివారం తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో తలెత్తలేదు. తర్వాత తర్వాత తలెత్తడం అలవాటైంది. ఏడాదికి రెండు మూడుసార్లే కదా అనుకున్నాడు.

నోయెల్‌కి పదహారు నిండాయి. పెద్ద జట్టుకు ఎంపికైన పిల్లల పేర్లు హాలు తలుపుకి అంటించారు. నోయెల్ పేరు లేదు. వరదానం వెళ్ళి కోచ్‌ని అడిగాడు. నలుగురూ కేకులు అమ్ముతున్న బల్ల దగ్గర, అందరి ముందూ, బ్రెన్నెర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీవాళ్ళు కంప్యూటర్ల ముందు బాగా కూర్చుంటారు వరదా. బంతి మాకు వదిలెయ్యండి."

అందరూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు. కేకు నములుతూ నవ్వే నవ్వు. సంచి భుజాన వేసుకుని నోయెల్ వెనకే ఉన్నాడు. విన్నాడు.

"శనివారం కుర్చీలో ఉంటావుగా?" అన్నాడు బ్రెన్నెర్, తీసిన చెయ్యి మళ్ళీ వేసి.

"ఉంటాను," అన్నాడు వరదానం.

ఇంటికొచ్చాక జరిగింది విని ఏసుకుమారి ఆసుపత్రి డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా దులిపేసింది.

"బిడ్డని అంతమందిలో అంత మాటంటే మళ్ళీ వాడి గుమ్మం తొక్కుతారా? సిగ్గనిపించట్లేదా అండీ?"

"మాటిచ్చాను."

"మాటంట మాట! మీ మొహమాటం తగలెయ్య!"

"ఎగాల్ మమ్మీ, ఏదైతే ఏంటి, వదిలెయ్," అన్నాడు నోయెల్ గదిలోంచి. "డాడీకి ఆ కుర్చీ ఇష్టం. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు."

ఆ మాట వరదానానికి కాలింది. కాలినా చెప్పలేదు. ఏమని చెబుతాడు? బ్రెన్నెర్ చెయ్యి తన భుజం మీద పడ్డ క్షణానే ఆ కుర్చీ వదలకూడదని నిశ్చయించుకున్నాడు. వదిలితే బ్రెన్నెర్‌కి ఏం పోతుంది? ఇంకో తండ్రి వచ్చి కూర్చుంటాడు. కూర్చుని ఉంటే మాత్రం ఒకరోజు వస్తుంది. ఆ మనిషి చెయ్యి బల్ల మీద తడుతుంది, ప్రాణం మీదకు వచ్చి తడుతుంది. ఆరోజు నొక్కడు. అంతే. దానికోసం ఆ తర్వాత మూడేళ్ళూ ఎప్పుడు తడితే అప్పుడు నొక్కాడు. నమ్మకం చెడకూడదు కదా.

నోయెల్ గంటన్నర రైలు దూరంలో ఇంకో క్లబ్బు చూసుకున్నాడు. బడి అయ్యాక వెళ్ళేవాడు, తిరిగొచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. రెండు మీటర్లకు రెండు సెంటీమీటర్లు తక్కువ పెరిగాడు. పద్దెనిమిదో ఏట ఆ క్లబ్బు అతనితో కాగితం మీద సంతకం పెట్టించుకుంది. మూడో లీగు. జీతం ఇచ్చి ఆడించుకునే ఆట. మొదట్లో బెంచీ మీదే కూర్చున్నాడు. తర్వాత నాలుగు నిమిషాలు, తర్వాత పది. పంతొమ్మిది వచ్చేసరికి మొదటి అయిదుగురిలో ఒకడు.

బ్రెన్నెర్ నడిపే పెద్ద జట్టుదీ అదే లీగు. వసంతంలో ఆఖరి ఆట వచ్చింది. నోయెల్ జట్టు బ్రెన్నెర్ హాలుకి వస్తోంది. బ్రెన్నెర్ జట్టు ఓడితే కింది లీగులోకి పడిపోతుంది. పడితే కొత్త కోచ్‌ని చూసుకుంటామని క్లబ్బు అధ్యక్షుడు ఊరి పేపర్లో చెప్పేశాడు.

వరదానం ఆ పేపరు రెండుసార్లు చదివాడు. మడిచి చెత్తబుట్టలో వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం కార్లో ఏసుకుమారి అంది:

"ఇవాళ ఒక్కరోజు నా పక్కన కూర్చోండి. సొంత కొడుక్కి ఎదురుగా ఆ బల్ల దగ్గరేంటండీ?"

"ఎదురేం కాదు. పక్కన."

"ఏ పక్కన?"

వరదానం గేరు మార్చాడు.

ఆట మొదలయ్యే ముందు రిఫరీ బల్ల దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళ అమ్మాయి. కాగితం చూసి ఆగింది. "వచ్చిన జట్టులో పద్నాలుగో నంబరుదీ, మీదీ ఒకటే ఇంటిపేరు?"

"నా కొడుకు," అన్నాడు వరదానం.

రిఫరీ కోచ్‌ల వంక చూసింది. బ్రెన్నెర్ వెంటనే అందుకున్నాడు. "పదేళ్ళుగా మా మనిషి. నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇతనికన్నా నమ్మకస్తుడు ఈ హాల్లో లేడు." అవతలి కోచ్ భుజాలు ఎగరేశాడు. తన ఆటగాడి తండ్రి, తనకెందుకు అభ్యంతరం?

ఆ విధంగా బ్రెన్నెర్ తన చేత్తోనే అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

నోయెల్ వేడెక్కడానికి పరుగెత్తుతూ బల్ల ముందు ఒక్క క్షణం ఆగాడు. "ఇవాళ కూడానా డాడీ?"

"నువ్వు ఆడు. నా పని నేను చేసుకుంటాను."

ఆట మొదటినుంచీ బిగుసుకుంది. ఎవరూ నాలుగు పాయింట్లు మించి ముందుకు పోలేదు. నోయెల్ బంతి పట్టుకుని బెంచీ పక్కకి వచ్చినప్పుడల్లా బ్రెన్నెర్ అతనికి మాత్రమే వినపడేట్టు ఏదో అంటున్నాడు. బల్ల దగ్గరే కాబట్టి వరదానానికీ వినపడింది.

"కంప్యూటర్ తెచ్చుకున్నావా? ఇంట్లో మర్చిపోయావా?"

నోయెల్ ఆ బంతిని మూడు పాయింట్ల గీత బయటినుంచి వేశాడు. పడింది. తిరిగి చూడలేదు. అరుస్తున్న ఏసుకుమారి గొంతు మాత్రం హాలంతా వినపడింది: "స్తోత్రం! స్తోత్రం!"

ఆఖరి నిమిషం. బ్రెన్నెర్ జట్టు ఒక్క పాయింటు ముందుంది. ముప్పై ఒక్క సెకన్లు మిగిలాయి, బంతి వాళ్ళది. బ్రెన్నెర్ విరామం అడిగాడు. ఆటగాళ్ళకి చెప్పాల్సింది చెప్పాడు. తిరిగి బెంచీ దగ్గరికి పోతూ బల్ల పక్కన నడిచాడు. వరదానం వైపు చూడలేదు.

టక్ టక్.

వరదానం చూపుడువేలు బొత్తాం పక్కన పెట్టుకున్నాడు. బొత్తాం మీద కాదు, పక్కన.

ఆట నడిచింది. వాళ్ళు బంతిని అటూ ఇటూ తిప్పి సెకన్లు కరిగించారు. ఇరవై నాలుగు కాస్తా అయిదయింది. అప్పుడు ఒకడు మూలనుంచి వేశాడు. బంతి బోర్డు అంచుకు కూడా అందలేదు. రింగు కిందనుంచి పోయి వాళ్ళ పొడుగాయన చేతుల్లోనే పడింది.

ఆ పొడుగాయన గడియారం వైపు చూడలేదు. ఎందుకు చూస్తాడు? కోచ్ తట్టాడంటే ఈ హాల్లో మన బంతి తగిలినట్టే. పద్నాలుగు వచ్చేసి ఉంటుంది, ఆట అయిపోయినట్టే అనుకుని బంతిని పొట్టకు హత్తుకుని నిలబడ్డాడు. బెంచీ మీద వాళ్ళు అప్పుడే లేచి చప్పట్లు మొదలుపెట్టారు.

మూడు. రెండు. ఒకటి.

కూత పడింది.

ఆట గడియారంలో ఇంకా ఏడు సెకన్లు మిగిలి ఉన్నాయి. రిఫరీ చెయ్యి చూపించింది. బంతి నోయెల్ వాళ్ళది.

బ్రెన్నెర్ ఒక్క ఉదుటున బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. "తగిలింది! పద్నాలుగు పెట్టాలి! తగిలింది!"

"నేను చూశాను, తగల్లేదు," అంది రిఫరీ.

"ఎప్పుడూ పెడతాడు! పదేళ్ళ నుంచి నేను..."

ఆగిపోయాడు.

"పదేళ్ళ నుంచి మీరు ఏంటి?" అంది రిఫరీ.

బ్రెన్నెర్ నోరు తెరిచే ఉంది. పక్కన స్కోరు రాసే ముసలావిడ కలం ఆపి అతన్ని చూసింది, తర్వాత వరదానాన్ని చూసింది. వరదానం బ్రెన్నెర్ కళ్ళల్లోకి చూశాడు. చెప్పు, అన్నట్టు చూశాడు. చెప్పరా, అందరి ముందూ. ఆ చూపు మూడేళ్ళుగా దాచుకున్నది. ఖర్చు పెట్టడానికి తొందరపడలేదు.

"ఏమీ లేదు," అన్నాడు బ్రెన్నెర్.

ఏడు సెకన్లు. బంతి నోయెల్‌కి అందింది. ఒకణ్ణి దాటాడు. రెండోవాడు మీద పడితే వాడి చంక కిందనుంచి దూరి, ఎడం చేత్తో బోర్డుకేసి మెత్తగా వదిలాడు. రింగు చుట్టూ ఒక తిరుగు తిరిగి లోపల పడింది.

ఒక్క పాయింటు. అయిపోయింది.

జట్టువాళ్ళు సంతోషంతో నోయెల్ మీద పడ్డారు. బ్రెన్నెర్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగాడు.

"ఇల్లు ఎవరిప్పించారో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు," అన్నాడు వరదానం. "అందుకే ఇన్నేళ్ళు నొక్కాను. ఇవాళ నొక్కలేదు. బంతి మీకు వదిలెయ్యమన్నావుగా, వదిలేశాను."

బయట పార్కింగ్‌లో నోయెల్ తలమీద తువ్వాలు వేసుకుని వచ్చాడు. తల్లి అతని నడుం చుట్టుకుంది, ఆమె తల వాడి ఛాతీ దాకా కూడా రాలేదు. నోయెల్ ఆమె మీదుగా తండ్రిని చూశాడు.

"నాకోసం చేశావా డాడీ?"

"లేదు. రింగుకి తగల్లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచాను."

"మరి వాడు పదేళ్ళ నుంచి అన్నాడేంటి?"

వరదానం చెప్పాడు. ఇల్లు, కాఫీ, రెండుసార్లు తట్టడం. నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. నోయెల్ ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"అంటే నేను ఇక్కడ ఆడినప్పుడు కూడా? మా అండర్ ఫోర్టీన్ ఫైనల్?"

"ఫైనల్లో రెండుసార్లు."

"మనం ఎంత తేడాతో గెలిచాం?"

"మూడు పాయింట్లు."

నోయెల్ తువ్వాలు తీసి సంచిలో కుక్కాడు. "ఇంకెప్పుడూ నేనాడే చోట ఆ కుర్చీలో కూర్చోకు డాడీ. ఏ వైపూ కూర్చోకు." తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి జట్టు బస్సెక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆమెకే.

"ఇవాళే చెప్పాలా అదంతా?" అంది ఏసుకుమారి కళ్ళు తుడుచుకుంటూ. "గెలిచిన రోజున పిల్లాడి నోరు చేదు చేశారు."

"అడిగాడు."

"పదండి ఇంక."

"ఉండు."

హాలు పక్క తలుపులోంచి బ్రెన్నెర్ వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. అధ్యక్షుడు అతని పక్కనుంచే నడిచి తన కారెక్కాడు, తల కూడా ఊపలేదు. బ్రెన్నెర్ పెట్టెను వెనక సీట్లో పెట్టి తలెత్తి వరదానాన్ని చూశాడు. ఇద్దరి మధ్య ఆరు కార్లున్నాయి. వరదానం చూపు తిప్పలేదు. ముందు తల దించుకున్నది బ్రెన్నెరే.

"ఇంకా ఏం చూస్తారండీ?"

"వాణ్ణి పోనీ."

ఆ కారు మలుపు తిరిగి పూర్తిగా కనపడకుండా పోయే దాకా వరదానం అక్కడే నిలబడ్డాడు. కొడుకు మాట గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా కడుపులో మూడేళ్ళ నుంచి ఉన్న మంట లేదు. తాళం చెవి తీశాడు.

"ఆకలేస్తోంది ఏసూ," అన్నాడు.